మూసీ నీళ్లకేనా పరీక్ష? బురదలో బతికే చేప కాలేయానికి లేదా?



మాదన్నపేటలో రూములు తీసుకుని చదువుకునే మనోళ్లకు మూసీ అంటే మూసారంబాగ్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకునే రెండు నిమిషాలే. కానీ ఆ నీళ్లు అక్కడ ఆగవు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ, నగరం మురుగంతా మోసుకుని, సూర్యాపేట దిక్కు మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. ఆ దిక్కు మన తండాలు ఎన్ని ఉన్నయో దామరచర్ల పిల్లల్ని అడగండి.

నది బాగుందా లేదా అని సర్కారు చూసే లెక్క ఏంది? బీఓడీ. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే కాలుష్యం లిస్టులోకి పోతది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలను అట్లనే గుర్తించింది. మూసీ కూడా అందులో ఉంది. కానీ బీఓడీ చెప్పేది కుళ్లే మురుగు సంగతి. సీసం, కాడ్మియం, క్రోమియం సంగతి చెప్పదు. ఆ లోహాలు చాలా వరకు మట్టికి అంటుకుని అడుగున కూర్చుంటయి. రేపు ఎస్టీపీలు కట్టి, ఒడ్డున పార్కులు వేసి పై నీళ్లు తేటగా చేసినా అడుగు బురద అట్లనే ఉంటది.

ఆ బురదలో తిరిగేవి మార్పు, జెల్ల, బొమ్మిడాయి. విషం లోపలికి పోతే ముందు కొట్లాడేది కాలేయం. దాచుకున్న గ్లైకోజెన్‌ను ఖర్చు పెడతది. లోహాన్ని కట్టేయడానికి మెటల్లోథయోనీన్ అనే ప్రోటీన్ తయారు చేస్తది. కెటలేజ్ లాంటి ఎంజైములు మొదట పెరిగి, భారం మించితే పడిపోతయి. కణాలు దెబ్బతింటే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ రక్తంలోకి కారతయి. మనకు కామెర్లయితే డాక్టర్ రాసే లివర్ టెస్టులో చూసేవి కూడా అవే. అంటే చేప బతికే ఉంటది, లోపల కాలేయం ఓడిపోతుంటది. "చేపలు చచ్చి తేలలేదు కదా" అనే మాట జవాబే కాదు.

"కండలో లోహం తక్కువే ఉంటది, తినొచ్చు" అంటరు ఇంకొందరు. కాలేయం, కిడ్నీల కంటే కండలో తక్కువ ఉండుడు మామూలే. మరి చిన్న చేపల్ని కడుపు తీయకుండా ఎండబెట్టి తినే ఇంటి సంగతేంది?

జువాలజీ చదివే మనోళ్లకూ ఒక మాట. గాజు తొట్టెలో ఒక్క మందు కలిపి 96 గంటలు చూసే ప్రయోగాలు చాలానే ఉన్నయి. మూసీ చేప 96 గంటలు కాదు, పుట్టినప్పటి నుంచి వంద రకాల విషాల మధ్య బతుకుతది. ఆ చేపను చదవండి.

మన డిమాండ్ సాఫ్: నాగోలు, మూసీ ప్రాజెక్టు, వాడపల్లిల దగ్గర ఏటా బురదను, అడుగు చేపల కాలేయాన్ని పరీక్షించాలి. మంచి నీళ్ల చెరువు చేపతో పోల్చాలి. ఫలితాలు తెలుగులో తండా పంచాయతీ గోడల మీద అంటించాలి. దాన్ని సాకుగా పెట్టి చేపలు పట్టేటోళ్ల పొట్ట కొడితే మాత్రం ఊరుకోం. విషం వదిలినోడే కట్టాలి, వల వేసినోడు కాదు.

మీ ఊరి దగ్గర మూసీ చేపలు తింటున్నరా? కింద రాయండి.