నీళ్ల తర్వాతే వాటర్

పాడేరు ఏజెన్సీలో, పెదబయలు చుట్టుపక్కల కొండల్లో నీళ్లకు ఒక్కటే పేరు లేదు. కువి మాట్లాడే ఇంట్లో అవి ‘ఏయు’. ఆదివాసీ ఒడియా ఇంట్లో ‘పాణి’. అరకు వైపు కొండ భాష మాట్లాడేవారికి ‘ఏరు’. మైదానంలో వాగుకు వాడే మాట అక్కడ కడవలో ఉంటుంది. ఐదారేళ్లు నిండి బడికొచ్చిన పిల్లకు టీచరు ‘నీళ్లు’ అని నేర్పుతారు. ఆ మాట నాలుక మీద కుదురుకోకముందే ఇంగ్లిష్ పుస్తకంలో గ్లాసు బొమ్మ కింద ‘వాటర్’ కనిపిస్తుంది. ఇంట్లో తాను రోజూ తాగేదే ఇక్కడ ఇన్ని పేర్లతో తిరుగుతోందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం పెడుతూ 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఈ రెంటి మధ్యా, ఆ తర్వాతా తెలుగా ఇంగ్లిషా అని రాష్ట్రం రెండుగా చీలి వాదించుకుంది. రెండు పక్షాలూ ఒక విషయంలో మాత్రం ఏకమయ్యాయి: బడికొచ్చే పిల్లలందరి అమ్మభాషా తెలుగే అనుకున్నాయి. 2020-21 నుంచి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే లెక్క. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. తెలుగు ఇంటి పిల్లలకు అది నిజంగా మేలైన ఏర్పాటు. ఇంగ్లిష్ పేజీలో తడబడితే పక్క పేజీలో చెయ్యి అందుతుంది. కువి పిల్ల పరిస్థితి వేరు. ఆమెకు రెండు పేజీలూ పొరుగువాళ్లవే.

ఏజెన్సీలో అందరిదీ ఒకే కథ కాదు. భగత, కొండదొర కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, యాస వేరైనా సరే. వాల్మీకి ఇళ్లలో కుపియా భాష ఉంది. గదబ, పోర్జ తెగలవారికి వారి మాటలున్నాయి. ఒకే తరగతి గదిలో ఒక పిల్లాడికి ఇంగ్లిష్ రెండో భాష, పక్కవాడికి మూడోది. పాఠం మాత్రం ఇద్దరికీ ఒకేలా మొదలవుతుంది.

చదవడమంటే ఏమిటో 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను చూసి మాటగా పలకగలగడం ఒకటి, ఆ మాట వింటే అర్థం కావడం రెండోది. ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే చదువు. ఒకటి సున్నా అయితే ఫలితమూ సున్నాయే. మన బడుల్లో మొదటిదాని మీద పడే శ్రమలో సగం కూడా రెండోదాని మీద పడదు. పిల్లవాడు ఇంగ్లిష్ వాక్యాన్ని గడగడా పలికితే తల్లిదండ్రులు మురిసిపోతారు, తనిఖీకి వచ్చిన అధికారి తలూపుతారు. అర్థం అడిగేవారుండరు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం కలిసి ఇంట్లోవాళ్ల ముందు పొంతన లేని ఇంగ్లిష్ ముక్కలు దొర్లిస్తుంటే చదువంటే అదేనని పెద్దలు సంబరపడతారు. విజయనగరంలో పుట్టిన ఆ హాస్యానికి నూట ఇరవై ఐదేళ్లు దాటాయి.

పలకడమనే మొదటి మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతున్నారని లెక్కలు చెబుతున్నాయి. అసర్ 2022 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో తేలికపాటి ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవారు 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 46.7 శాతం. అర్థం సంగతి ఆ తర్వాతి మెట్టు.

తెలుగు లిపి ఇక్కడ ఆస్తి, చిక్కు కూడా. అక్షరం నేర్చుకుంటే ధ్వని చేతికొచ్చినట్టే, రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌కు ఆ మాట నిలకడ లేదు. ‘కట్’లో, ‘పుట్’లో ఉన్న అచ్చు ఒకటే, పలుకుబడి వేరు. తెలుగు లిపి ఒకసారి గట్టిపడిన పిల్లలకు ఈ వేషాలు వింతగా, ఆటగా అనిపిస్తాయి. ఏ లిపీ గట్టిపడని పిల్లలకు రెండూ కలిసి గందరగోళమవుతాయి. అందుకే మొదటి లిపిని ఇంటి భాషతో నేర్పాలన్న వాదన ఇంగ్లిష్‌కు అడ్డు చెప్పేది కాదు, పునాది వేసేది.

ఈ మాట కొత్తది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. దాని పక్కనే నడిచిన సవర బడిని అంతగా తలుచుకోం. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఆ దారిలో మళ్లీ ఒక అడుగు వేసింది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చి 240 బడుల్లో మొదలుపెట్టింది. పిల్ల తన మాటనే తెలుగు అక్షరాల్లో చదువుకుంటుంది. లిపి వచ్చేశాక తెలుగు, ఆ తర్వాత ఇంగ్లిష్. ఆలోచన చక్కనిదే. కానీ అది నడవాలంటే పిల్ల భాష తెలిసిన టీచరు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఏజెన్సీలో ఆ తీర్పును ఉద్యోగాల సమస్యగా చూశారు. అది పఠన సమస్య కూడా. ‘ఏయు’ అన్న మాట తెలిసిన మనిషి తరగతిలో ఉంటారన్న ఆశ దానితో సన్నగిల్లింది.

తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చే ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. పట్నంలో అధికారుల పిల్లలు ఇంగ్లిష్ చదువుతుంటే మా పిల్లలకు మాత్రం కువి పాఠాలా అని వారడుగుతారు. ఆ అనుమానం వెనక చాలా అనుభవం ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. పాడేరులో ఇంటర్ దాటిన అమ్మాయికి ఇంగ్లిష్ పేరా చదివి అర్థం చేసుకోవడం రాకపోతే ఆర్థికశాస్త్రం రాదు, వృక్షశాస్త్రమూ రాదు. వాళ్లకు ఇంగ్లిష్ కావాలి, త్వరగా కావాలి. తేల్చాల్సింది ఏ దారిన అన్నదే.

వందేళ్ల కిందట బెంగాల్‌లో పనిచేసిన మైకేల్ వెస్ట్ ఒక పనికొచ్చే జవాబు చెప్పాడు. ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఆయన 1926లో ద్విభాషా చదువు మీద పుస్తకం వేశాడు. చాలామంది పిల్లలు చదువు మధ్యలోనే మానేస్తారు, అప్పటికి వాళ్ల చేతిలో ఏం మిగులుతుంది అన్నది ఆయన ప్రశ్న. మధ్యలో ఆపేసిన ఎల్‌ఐసీ పాలసీకి ఎంతో కొంత తిరిగొస్తుంది, దాన్ని సరెండర్ వాల్యూ అంటాం. వెస్ట్ వాడిన మాటా అదే. సగం నేర్చిన వ్యాకరణానికి సరెండర్ వాల్యూ లేదు. చదివి అర్థం చేసుకోగల శక్తికి ఉంది. అది బడి మానేశాకా పెరుగుతుంది. అందుకే ఆయన తక్కువ మాటలతో, మెట్టుమెట్టుగా కష్టం పెరిగే కథల పుస్తకాలు తయారుచేశాడు. బడి మానేసే పిల్లలు ఎక్కువగా ఉన్న ఏజెన్సీకి ఇంతకంటే దగ్గరి వాదన దొరకదు.

కథల పుస్తకాలతో నిజంగా ఏం జరుగుతుందో ఫిజీలో తేలింది. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువారూ వెళ్లి స్థిరపడిన దీవులవి. అక్కడి పల్లెబడుల పిల్లల ఇంటి భాష ఫిజియన్ లేదా హిందీ. నాలుగో తరగతి నుంచి చదువు ఇంగ్లిష్‌లోకి మారేది. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ కొన్ని బడులకు సుమారు 250 బొమ్మల కథల పుస్తకాలు పంపి, రోజూ ఇరవై ముప్పై నిమిషాలు పిల్లలతో చదివించారు. మిగతా బడుల్లో మామూలు ఇంగ్లిష్ పాఠాలే నడిచాయి. 1983లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొదటి ఏడాదే పుస్తకాలు చదివిన పిల్లలు చదివి, విని అర్థం చేసుకోవడంలో రెండింతల వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికల్లా రాయడంలోనూ, వ్యాకరణంలోనూ ముందున్నారు. వ్యాకరణం వాళ్లకు ఎవరూ విడిగా నూరిపోయలేదు.

చైనా ఇంకాస్త ముందుకెళ్లి చదవాల్సిన మోతాదును పాఠ్యప్రణాళికలోనే రాసింది. 2001 నుంచి అక్కడ మూడో తరగతిలో ఇంగ్లిష్ మొదలవుతుంది. తొమ్మిదో తరగతి ముగిసేసరికి పాఠ్యపుస్తకం కాకుండా విద్యార్థి బయట చదివినది లక్షన్నర మాటలకు చేరాలన్నది లక్ష్యం. టిబెటన్, ఉయిగుర్, యీ ఇళ్ల పిల్లలకు చైనీస్ రెండో భాష, ఇంగ్లిష్ మూడోది, అచ్చం మన కువి పిల్లలాగే. వాళ్లకు ఆ లక్ష్యం ఎంత బరువో ఊహించుకోవచ్చు. అయినా అంకెలో ఒక సుగుణం ఉంది. లక్షన్నర మాటలంటే ఐదేసి వందల మాటల కథలు మూడు వందలు. మూడో తరగతి నుంచి తొమ్మిది దాకా ఏడేళ్లు. ఏడాదికి నలభై మూడు కథలు. బడి నడిచే రోజుల్లో వారానికో కథ అనుకుంటే దాదాపు సరిపోతుంది.

వారానికో కథ పెదబయలులో సాధ్యమే. ఇక్కడ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకునేవారు. పట్నం పిల్లలకు లేని సాయంత్రాలు వీళ్లకున్నాయి. భోజనానికి ముందు స్టడీ అవర్ ఎలాగూ నడుస్తుంది. ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టే ఆ గంటలో అరగంట కథకు వదలాలి. టీచరు గట్టిగా చదవాలి, పిల్లలు వినాలి, తర్వాత తామే చదువుకోవాలి. కష్టమైన చోట కువిలోనో ఒడియాలోనో మాట్లాడుకుంటే ఎవరూ కసరకూడదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో ఉచిత కథలు మెట్ల వారీగా ఉన్నాయి. సిగ్నల్ అందని గూడేనికి పాడేరులో అచ్చుతీసి పంపవచ్చు.

ఏం చదవాలన్నది కూడా లెక్కలోకి రావాలి. మంచు మనిషినీ మెట్రో రైలునూ పరిచయం చేసే పాఠంలో పిల్ల రెండు తెలియనివాటితో ఒకేసారి కుస్తీ పడుతుంది, మాటతోనూ వస్తువుతోనూ. పసుపచ్చని వలిసె పూల చేను, కాఫీ పళ్ల కోత, అడ్డాకుల మోపు, మత్స్యగెడ్డ దాటడం గురించి ఐదు వాక్యాల ఇంగ్లిష్ కథ ఉంటే వస్తువు ముందే తెలుసు, మాట ఒక్కటే కొత్త. ఇలాంటి కథలు రాయడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు తమ భాషలో చెబితే టీచరు తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసిపెడితే మూడో తరగతికి వాచకం సిద్ధం.

మిగిలేది బీరువా. చాలా సర్కారు బడుల్లో కథల పుస్తకాలు లేవని కాదు, తాళంలో ఉన్నాయి. పుస్తకం చిరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాల్సింది హెచ్ఎం. ఆ భయంతో కొత్త పుస్తకాలు కొత్తగానే ముసలివైపోతాయి. ఏటా కొన్ని పుస్తకాలు చిరుగుతాయని ఒప్పుకుని, వాటిని లెక్కలోంచి తీసేసే అధికారం హెచ్ఎంకే ఇస్తూ పాడేరు ఐటీడీఏ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఖర్చు లేని పని, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపే అయిపోతుంది.