లేత్ ఉంటే సరిపోదు

సంపాదకులకు,

పాత లీవర్ యాక్షన్ వేట రైఫిల్‌ను సొంతంగా రూపొందించుకున్న తూటాకు మార్చడం లేత్ ఉన్నవాడికి చిన్న పనేనన్న మీ వ్యాసం నాకు మింగుడుపడలేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసినవాణ్ణి. తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య సందు హద్దు దాటితే ఇత్తడి తొడుగు చిట్లుతుంది, వేడి వాయువు కాల్చేవాడి కళ్లలోకే తన్నుకొస్తుంది. అలాంటి లీవర్ యాక్షన్ రైఫిలే అయిన విన్‌చెస్టర్ 94 బోల్టుకు తాళం వెనకవైపు పడుతుంది. ఒత్తిడి పెంచే తూటా దానికి ప్రమాదం.

రైఫిల్‌ను వేరే తూటాకు మార్చడం మన దేశంలోనూ జరిగింది: .303 సైన్యం తూటా కనుక పౌరుల కోసం ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ చేసింది. అది ఫ్యాక్టరీ పని, ఇంటి పని కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాన్ని మార్చడానికీ లైసెన్సు కావాలి. ఆ ముక్క వ్యాసంలో లేదు. దయచేసి వచ్చే సంచికలో వేయండి.

— ఒక పాఠకుడు, లాలాగూడ, సికింద్రాబాద్