మడిస్తే జేబులో... నింపితే లీటరు!

ఊరెళ్లేటప్పుడు బట్టలు, మందులు, పులిహోర డబ్బా, దుప్పట్లు అన్నీ సర్దేశాక చివర్లో మిగిలేవి వాటర్ బాటిళ్లు. నలుగురున్న ఇంటికి నాలుగు లీటరు బాటిళ్లంటే మాటలు కాదు. నిండుగా ఉన్నప్పుడు ఎంత చోటు కావాలో, తాగేశాకా అంతే చోటు కావాలి. ఈ బాధ తప్పించడానికి వచ్చినవే మడత బాటిళ్లు. నీళ్లు తాగేకొద్దీ అవీ చిక్కిపోతాయి. ఖాళీ అయ్యాక చుట్ట చుట్టి జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పడేసుకోవచ్చు. స్పోర్ట్స్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కొన్ని వందల రూపాయల నుంచి రెండు మూడు వేల దాకా రకరకాలు దొరుకుతున్నాయి.

చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటాయి. ఇంకేం... కొనేస్తాం. తీరా ఒక ప్రయాణం చేసొచ్చాక చాలా ఇళ్లలో అది అటకెక్కేస్తుంది. వాసన వస్తోందని ఒకరు, పట్టుకుంటే జారిపోతోందని ఇంకొకరు. తప్పు బాటిల్‌ది కాదు, ఎంపికది.

అసలు లెక్క బరువుతోనే మొదలుపెడదాం. లీటరు పట్టే పలుచని మడత బాటిల్ 35, 40 గ్రాములు ఉంటుంది. ట్రెక్కింగ్‌కు వాడే గట్టి ప్లాస్టిక్ బాటిల్ 180 గ్రాముల దాకా తూగుతుంది. స్టీలుదైతే ఇంకాస్త ఎక్కువ. కానీ లీటరు నీళ్లు ఎందులో పోసినా కిలోనే! అంటే నిండు బాటిల్ మోస్తున్నప్పుడు కలిసొచ్చేది మహా అయితే ఒకట్రెండు అరటిపళ్ల బరువు. దానికోసమే అయితే వేలు పోయనక్కర్లేదు. మడత బాటిల్ గొప్పతనమంతా అది ఖాళీగా ఉన్నప్పుడే. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే... మన ప్రయాణంలో బాటిల్ ఎంతసేపు ఖాళీగా ఉంటుంది?

విమానంలో విదేశాలకు వెళ్తున్నారనుకోండి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు తీసుకెళ్లనివ్వని విమానాశ్రయాలే ఎక్కువ. ఖాళీ బాటిల్‌కు మాత్రం అభ్యంతరం ఉండదు. మడిచి తీసుకెళ్లి, తనిఖీ అయ్యాక లోపలున్న కుళాయి దగ్గర నింపుకోవచ్చు. ఇక్కడ మడత బాటిల్‌ను మించింది లేదు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవారి సంగతి వేరు. మెట్లు 3,550 ఉన్నా దారి పొడవునా తాగునీళ్లు దొరుకుతాయి. అరలీటరు బాటిల్ ఉంటే చాలు, అయిపోయినప్పుడల్లా పట్టుకోవచ్చు. కొండ మీద ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లపై నిషేధం ఉంది కనుక అక్కడికి స్టీలుదే మేలు. తనిఖీ దగ్గర ఇది ప్లాస్టిక్కా, సిలికానా అని వాదించుకునే పనుండదు. అదే చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు వెళ్లేవాళ్లకైతే ఎండ మండిపోతుంటుంది, దారేమో అడవి, రాళ్లు. అలాంటిచోట ఎప్పుడూ వాడే గట్టి బాటిల్‌కు తోడు, లీటరో రెండు లీటర్లో పట్టే మడత బాటిల్ ఒకటి నింపుకుని వెళ్లాలి. ముందు అందులోవే తాగేస్తే దాన్ని మడిచేసి తేలిగ్గా నడవొచ్చు.

డబ్బు ఆదా అవుతుందని కొనేవాళ్లూ ఉన్నారు. రైల్ నీర్ లీటరు బాటిల్ ధర 2025 సెప్టెంబరులో 15 నుంచి 14 రూపాయలకు తగ్గింది. ఆ లెక్కన 1,500 రూపాయల మడత బాటిల్ ఖరీదు తిరిగి రావాలంటే నూటికి పైగా బాటిళ్లు కొనకుండా ఉండాలి. ఏడాదికోసారి కాశీకో షిర్డీకో వెళ్లే కుటుంబానికి అది అయ్యే పనేనా?

సొరబుర్ర నుంచి సిలికాన్ దాకా

ఖాళీ అయితే చిక్కిపోయే నీళ్ల పాత్ర మనకేం కొత్త కాదు. తోలు తిత్తులు అలాంటివే. గొర్రెల కాపర్లు, పొలం వెళ్లేవాళ్లు ఎండిన సొరబుర్రలో నీళ్లు తీసుకెళ్లేవారు. అది మడత పడదు కానీ తేలిక. లారీలకూ జీపులకూ పక్కన వేలాడదీసిన కాన్వాస్ నీళ్ల సంచులు నడివయసు దాటినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. గుడ్డలోంచి చెమ్మ బయటికి ఊరి గాలికి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడేవి. ఇప్పటి మడత బాటిళ్లకు ఆ విద్య రాదు. చెమ్మ బయటికి రాదు, వేడిని ఆపే పొరా ఉండదు. మండుటెండలో గంటసేపు ఉంటే నీళ్లు గోరువెచ్చనవుతాయి. చల్లటి నీళ్లే కావాలనేవాళ్లు వీటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

వీటిలో ప్రధానంగా మూడు రకాలు. పలుచని ప్లాస్టిక్ పొరలు అతికించి సంచిలా చేసినవి అన్నిటికన్నా తేలిక. అయితే అంచుల దగ్గర అతుకు విడిపోవచ్చు, ఎప్పుడూ ఒకే చోట మడిస్తే ఆ గీత మీదే సన్నటి చిల్లులు పడొచ్చు. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసినవి వాటికన్నా కాస్త గట్టివి. పరుగు పందేలవాళ్లు వాడేవి ఎక్కువగా ఇవే. ఈ రెంటిలోనూ మరిగే నీళ్లు పోయకూడదు. మూడోది సిలికాన్. వేడికీ ఫ్రీజర్‌కూ తట్టుకుంటుంది. స్ప్రింగులా అణిగేవి, చాపలా చుట్టేవి చాలావరకు ఇవే. బరువు మాత్రం ఎక్కువ. కొన్ని గట్టి ప్లాస్టిక్ బాటిల్‌తో సమానంగా తూగుతాయి కూడా. ‘లైట్ వెయిట్’ అన్న అక్షరాలు చూసి మురిసిపోకుండా వెనకవైపు గ్రాములు ఎన్నో చదవాలి.

సిలికాన్‌తో ఉన్న అసలు పేచీ వాసన. చుట్టుపక్కల ఏ వాసన ఉంటే దాన్ని పట్టేసుకుంటుంది. ఒక్కసారి మజ్జిగ పోశారా, ఆ పులుపు కంపు వారం రోజులు వదలదు. ఆవకాయ సీసా పక్కన సర్దినా అంతే. మడత బాటిల్ ఏ రకమైనా నీళ్లకు తప్ప మరి దేనికీ వాడకపోతే నాలుగు కాలాలు ఉంటుంది.

ఇక లేబుల్ మీద పెద్దక్షరాల్లో కనిపించే ‘బీపీఏ ఫ్రీ’ మాట. బీపీఏ అనే రసాయనం ముఖ్యంగా పాలీకార్బొనేట్ అనే గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్‌కు సంబంధించింది. సిలికాన్ తయారీలో దాని అవసరమే లేదు. లేనిదాన్ని లేదని చెప్పడం గొప్పేం కాదు. ఆహారానికి పనికొచ్చే రకమని రాశారా, ఎంత వేడి వరకు తట్టుకుంటుందో అంకె వేశారా అన్నవి చూడాలి. అంకె లేకపోతే చల్లటి నీళ్లకే అనుకోవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా రబ్బరు వాసన కొట్టే బాటిల్‌ను అక్కడే పెట్టేసి రండి.

ఎత్తి తాగే అలవాటుంటే...

మన ఇళ్లలో ఒక బాటిల్‌తో నలుగురం తాగుతాం. పెదవులు తగలకుండా ఎత్తి గొంతులో పోసుకుంటాం. మడత బాటిళ్లు తయారుచేసే కంపెనీలు ఈ సంగతి పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించవు. పంటితో కొరికి పీల్చే మూతలున్నవి ఒక్కరికే పనికొస్తాయి. రెండోవాళ్లకు ఎంగిలే. మామూలు మూత ఉన్నదాన్ని ఎత్తి పట్టుకుంటే మెత్తటి ఒళ్లు చేతిలో నొక్కుకుపోయి నీళ్లు ఒక్కసారిగా ముక్కులోకో చొక్కా మీదకో పడతాయి. కదిలే బస్సులో ఇక చెప్పక్కర్లేదు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. దారిలో టాయిలెట్లు ఉండవని ఆడవాళ్లు, లేవడం కష్టమని పెద్దవాళ్లు ప్రయాణాల్లో అసలే నీళ్లు తక్కువ తాగుతారు. దానికి తోడు బాటిల్ తెరిస్తే బట్టలు తడుస్తాయన్న భయం కూడా ఉంటే ఉన్న కాస్తా మానేస్తారు. ఎండాకాలం కొండెక్కుతూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. చేతులు వణికే పెద్దవాళ్లకు మడత బాటిల్ ఇవ్వనే వద్దు, వాళ్లకు అలవాటైన గట్టి బాటిలే ఉండనివ్వండి. మిగతావారి కోసమైతే మెడ దగ్గర గట్టి ప్లాస్టిక్ పట్టీ గానీ పిడి గానీ ఉన్నది చూడండి. ఒళ్లు నొక్కకుండా అక్కడ పట్టుకుని తాగొచ్చు. దుకాణంలో నీళ్లు అడిగి సగం దాకా నింపించండి. ఒంటి చేత్తో తాగగలరా, బల్ల మీద నిలబెడితే నిలబడుతోందా... రెండూ అక్కడే తేలిపోతాయి.

మూత విషయంలో రాజీ పడొద్దు. సంచిలో బట్టల కింద పడి బాటిల్ నలిగినప్పుడు నొక్కుడు మూతలు టప్పున తెరుచుకుంటాయి. మరతిప్పే మూతే నమ్మకం. అదీ తాడుతోనో పట్టీతోనో బాటిల్‌కే కట్టి ఉండాలి. రైలు కిటికీ దగ్గర మూత జారిపోతే ఆ కొలతది మళ్లీ దొరకదు, మొత్తం బాటిల్ పోయినట్టే. నోరు వెడల్పుగా ఉంటే నింపడం, కడగడం తేలిక. సన్నగా ఉంటే తాగడం తేలిక. చెయ్యి పట్టేంత కాకపోయినా బ్రష్ దూరేంత నోరుండాలి.

ఓఆర్ఎస్ పొడి కలపాలన్నప్పుడు ఇంకో చిక్కు. లీటరు నీళ్లకని ఇచ్చే ప్యాకెట్‌ను కచ్చితంగా లీటరులోనే కలపాలి. మెత్తటి బాటిల్ ఉబ్బితే ఒక లెక్క, చిక్కితే ఒక లెక్క. గీతలున్నా ఇంట్లో ఒకసారి కొలపాత్రతో పోసి సరిచూసుకోవాలి. వాడాక వెంటనే కడిగేయాలి సుమా!

ఉత్తరాదికి తీర్థయాత్రలకు వెళ్లేవారికి మరో మాట. కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల నడక. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. కింద బిగించిన మడత బాటిల్ అక్కడికెళ్లేసరికి బెలూన్‌లా ఉబ్బి, తెరవగానే చిమ్మొచ్చు. నింపినప్పుడే నొక్కి గాలి తీసేసి మూత పెడితే సరి. ఆ చలిలో వేడినీళ్లు తాగాలనుకుంటే మాత్రం ఫ్లాస్కే గతి. సిలికాన్ వేడికి కరగదు నిజమే, కానీ సలసల కాగే నీళ్లున్న మెత్తటి సంచిని పట్టుకునేదెలా?

ఇంటికొచ్చాక చాలామంది చేసేది కడిగేసి మడిచి అల్మారాలో పెట్టేయడం. బూజు పట్టేది అప్పుడే. గోడలు ఒకదానికొకటి అతుక్కుని లోపలి తడి ఆరదు. గరిటె కాడో, చుట్టిన శుభ్రమైన కాగితమో లోపల దూర్చి నోరు కిందికి ఉండేలా రెండ్రోజులు ఆరనివ్వాలి. వాసనుంటే చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లు రాత్రంతా ఉంచి కడగాలి. లోపల నల్ల మచ్చలు కనిపిస్తే ఇక తాగడానికి వాడొద్దు.

మళ్లీ ప్రయాణం పడినప్పుడు ముందురోజు రాత్రి బాటిల్‌ను నిండా నింపి, పాత న్యూస్‌పేపర్ మీద అడ్డంగా పడుకోబెట్టండి. తెల్లారి కాగితం పొడిగా ఉంటే సంచిలో పెట్టుకోవచ్చు. తడిసిందా... బాల్కనీలో కుండీలకు నీళ్లు పోయడానికి వాడుకోండి.