రేడియేటర్ గొట్టానికి అయస్కాంతం బిగిస్తే ఇంజన్ చల్లబడుతుందా?

వేసవి దుక్కులు మొదలయ్యాయంటే ట్రాక్టర్ వేడెక్కుతోందన్న ఫిర్యాదులు వస్తాయి. వాటి వెనకే అయస్కాంతాలు అమ్మేవారూ ఊళ్లలోకి దిగుతున్నారు. రేడియేటర్ గొట్టానికి బయట రెండు అయస్కాంతాలు బిగిస్తే నీటి గుణం మారి ఇంజన్ చల్లగా నడుస్తుందని, డీజిల్ కూడా ఆదా అవుతుందని వారి మాట. డబ్బు పెట్టే ముందు రైతులు కొంచెం ఆలోచించాలి.

అయస్కాంతం ఇనుమును లాగినట్లు నీటిని లాగదు. లీటరు నీరు మోయగల వేడి దానివల్ల పెరగదు. అయితే ఈ ప్రచారానికి ఒక మూలం ఉంది. అయస్కాంతంతో నీటిలోని సున్నం గట్టిగా పేరుకోకుండా ఆపవచ్చంటూ 1945లోనే బెల్జియంలో పేటెంటు తీసుకున్నారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్నింట సున్నపు పలుకుల రూపం మారింది, కొన్నింట ఏ తేడా లేదు. లక్షలు పోసి కొన్న ఇంజన్‌ను దీనిమీద నమ్మి వదిలేయలేం.

మరి బిగించుకున్నవారు తేడా కనిపించిందని ఎందుకంటారు? బిగించే రోజున రేడియేటర్‌లోని తుప్పు నీరు వదిలేసి, కడిగి, కొత్త నీరు పోస్తారు. వేడి ముల్లు దిగేది అందుకే, పేరు మాత్రం అయస్కాంతానికి. మా మండలంలో ఒక రైతు ఇలాగే బిగించుకుని, ఇక ఫరవాలేదని నీటి మట్టం చూసుకోవడం మానేశారు. రోటవేటర్ నడుస్తుండగా హెడ్ గ్యాస్కెట్ పోయింది. అదునులో వారం రోజులు బండి షెడ్డులోనే ఉంది.

ఇంజన్ వేడెక్కితే ముందు రేడియేటర్ జాలీ చూడండి. నూర్పిడి పొట్టు, దుమ్ము పట్టి గాలి ఆడదు. ఫ్యాన్ బెల్టు వదులైందేమో బొటనవేలితో నొక్కి చూడండి. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయించాలి. దాన్ని పీకి పారేయమనే మెకానిక్ మాట వినొద్దు, ఇంజన్ తగిన వేడి అందుకోక అరుగుదల పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బోరు నీరు పోయకండి. టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే ఇంజన్ లోపలా పడుతుంది. పోత ఇనుము వదిలే వేడిలో ఇరవయ్యో వంతు కూడా ఆ పొర వదలదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయవద్దు. డీజిల్ పంపుసెట్లలో బోరు నీరే నేరుగా జాకెట్‌లోకి పోతుంది కాబట్టి పొర ఇంకా త్వరగా పడుతుంది. బయటికి వచ్చే ధార సన్నగిల్లితే మెకానిక్‌తో శుభ్రం చేయించండి. యాసిడ్ మీరే పోయకండి, లోపలి లోహం తింటుంది.

ఎవరైనా అయస్కాంతం అమ్మడానికి వస్తే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట పరీక్షించిన రిపోర్టు ఉందా అని అడగండి. అయినా కొనాలనుకుంటే బిల్లు, గ్యారంటీ రాయించుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.