బ్రూక్లిన్ జట్టు ఊరు విడిచిన ఏడాది



ఈసారి పోస్టు కాస్త పెద్దది. ఓపిక ఉన్నప్పుడు చదవండి. విషయం బేస్‌బాల్. "క్రికెట్ చూడ్డానికే తీరిక లేదు, ఈ అమెరికా ఆట గోల మనకెందుకయ్యా" అని మన పెద్దలు కొందరు అంటారని తెలుసు. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి ఒక ఆదివారం నన్ను బ్రూక్లిన్‌కి తీసుకెళ్ళి, ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్ల ముందు నిలబెట్టి, "నాన్నా, ఇక్కడే ఉండేది ఎబెట్స్ ఫీల్డ్" అన్నాడు. ఆ పేరు నాకు తెలియదు. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను, ఇక ఆగలేదు. చదివిన కొద్దీ నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని మీ ముందు పెడుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి.

బ్రూక్లిన్ అంటే ఇవాళ న్యూయార్క్ నగరంలో ఒక భాగం. 1898 వరకు అది సొంత నగరం. ఆ ఏడాది న్యూయార్క్‌లో కలిపేశారు. కలిపినా అక్కడివాళ్ళు మాత్రం "మాది బ్రూక్లిన్" అనే చెప్పుకునేవారు. ఎవరో ఎక్కడో కూర్చుని గీసిన గీత వల్ల మన చిరునామా మారిపోతే ఎలా ఉంటుందో, 1956లో ఇవతలి వైపు ఉండిపోయిన మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. నగరం పోయాక వాళ్ళకు సొంతమని చెప్పుకోవడానికి మిగిలినవి తక్కువ. ఒక పత్రిక ఉండేది, బ్రూక్లిన్ ఈగిల్. అది 1955 మొదట్లో మూతపడింది. ఇక మిగిలింది డాడ్జర్స్ జట్టు.

ఆ జట్టు పేరే ఒక తమాషా. వీధుల్లో ట్రాములు ఎక్కువ, వాటి కింద పడకుండా తప్పించుకుంటూ నడిచే జనం కాబట్టి "డాడ్జర్స్", అంటే తప్పించుకునేవాళ్ళు. 1947లో జాకీ రాబిన్సన్‌ని ఆడించి, పెద్ద లీగులో నల్లవాళ్ళకు తలుపు తెరిచింది ఈ జట్టే. అంత పేరున్నా వరల్డ్ సిరీస్ ఫైనల్‌కి వెళ్ళడం, ఓడి రావడం. ఏడుసార్లు అలాగే జరిగింది. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నది ఆ ఊళ్ళో ఊతపదం అయిపోయింది. చివరికి 1955 అక్టోబర్ 4న, జానీ పాడ్రెస్ అనే కుర్రాడు బంతి విసిరి, యాంకీస్‌ని 2-0తో ఓడించి, మొదటిసారి కప్పు తెచ్చారు.

ఆటగాళ్ళు చాలామంది ఆ వీధుల్లోనే కాపురం ఉండేవారు. పీ వీ రీస్, డ్యూక్ స్నైడర్ బే రిడ్జ్‌లో ఇరుగుపొరుగు. గిల్ హాడ్జెస్ బ్రూక్లిన్ అమ్మాయినే పెళ్ళి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. ఒకసారి అతని బ్యాటు బొత్తిగా మూగబోతే, ఒక పాదిరీ గారు ఆదివారం ప్రసంగం ఆపేసి, ఇంటికెళ్ళి గిల్ కోసం ప్రార్థన చెయ్యండని జనాన్ని పంపేశారట. జట్టుకీ ఊరికీ ఉన్న బంధం అది.

కప్పు గెలిచిన రెండేళ్ళకే, 1957లో, అదే జట్టు ఆ ఊళ్ళో ఆఖరి సీజన్ ఆడింది.

యజమాని పేరు వాల్టర్ ఓమాలీ. లాయరు. అతని వాదన ఇది: ఎబెట్స్ ఫీల్డ్ 1913లో కట్టింది, పాతబడింది, 32 వేలమందికి మించి పట్టరు, కార్లు పెట్టుకోవడానికి ఏడు వందల చోట్లకు మించి లేవు, జనమేమో కార్లు కొనుక్కుని శివార్లకు వెళ్ళిపోతున్నారు. ఇందులో అబద్ధం లేదు. 1953లో బోస్టన్ నుంచి మిల్వాకీకి మారిన బ్రేవ్స్ జట్టుకి ఏటా ఇరవై లక్షలమంది వస్తుంటే, 1957లో డాడ్జర్స్‌కి వచ్చింది పది లక్షల ఇరవై ఎనిమిది వేలు. అయితే జట్టు నష్టాల్లో లేదు. లాభాల్లోనే ఉందని ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు పెట్టిన లెక్కలే చెప్పాయి. లాభం చాలకపోవడం వేరు, నష్టం రావడం వేరు. మన వ్యాపారస్తులకు ఈ తేడా బాగా తెలుసు.

ఓమాలీ అడిగింది అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూలు కలిసేచోట, రైల్వే టెర్మినల్ పక్క స్థలం. ప్రభుత్వం దాన్ని సేకరించి ఇప్పిస్తే స్టేడియం నా డబ్బుతో కట్టుకుంటా అన్నాడు. నగర నిర్మాణాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ కుదరదన్నాడు. ప్రజావసరం పేరుతో తీసుకున్న భూమిని ఒక ప్రైవేటు వ్యాపారానికి ఎలా ఇస్తాం అన్నది అతని వాదన. క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్‌లో నగరం స్టేడియం కడుతుంది, అద్దెకు ఆడుకో అన్నాడు. క్వీన్స్‌కి వెళితే అది బ్రూక్లిన్ జట్టు ఎలా అవుతుంది అని ఓమాలీ ఎదురు ప్రశ్న. ప్రశ్న బాగుంది. క్వీన్స్ దూరమన్న మనిషికి నాలుగు వేల కిలోమీటర్ల అవతలున్న లాస్ ఏంజెలిస్ మాత్రం ఎలా దగ్గరైందో నాకర్థం కాలేదు.

పాతతరం బ్రూక్లిన్‌వాళ్ళు ఓమాలీని రాక్షసుడంటారు. తర్వాత వచ్చిన పుస్తకాల్లో కొన్ని, అసలు దోషి మోజెస్ అంటాయి. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. మోజెస్ మొండివాడే, అహంకారే. అయినా ఈ ఒక్క విషయంలో అతను లేవనెత్తిన ప్రశ్న సరైనదే. ఓమాలీ వెళ్ళిపోవడం కూడా తప్పని నేననను. బతుకుతెరువు కోసం ఊరు మారిన తాతల మనవలం మనం, ఊరు మారేవాణ్ణి ఏ నోటితో తప్పుపడతాం?

నాకు కోపం తెప్పించింది అతను వెళ్ళిన పద్ధతి.

సీజన్ మొదలవకముందే, ఫిబ్రవరిలో, ఓమాలీ లాస్ ఏంజెలిస్‌లో ఒక చిన్న లీగు జట్టునీ దాని మైదానాన్నీ కొనేశాడు. మే 28న లీగు యజమానులు సమావేశమై, డాడ్జర్స్, జయంట్స్ రెండూ కాలిఫోర్నియా వెళ్ళొచ్చని అనుమతిచ్చారు. ఆగస్టు 19న జయంట్స్ తాము శాన్ ఫ్రాన్సిస్కో వెళుతున్నామని బయటికి చెప్పారు. ఓమాలీ మాత్రం చివరిదాకా ఇంకా ఏమీ తేలలేదనే ధోరణిలోనే ఉన్నాడు. ఇంతలో సొంతగడ్డ ఆటల్లో ఎనిమిదింటిని జెర్సీ సిటీలో ఆడించాడు, ఇంట్లోవాళ్ళని మెల్లగా అలవాటు చేస్తున్నట్టు. జనాన్ని నవ్వించడానికి ఎమెట్ కెల్లీ అనే పేరుపొందిన సర్కస్ విదూషకుణ్ణి కూడా ఆ ఏడాదే కుదిర్చారు. ఏడుపుగొట్టు మొహం వేషం అతనిది.

ఆట మరీ తీసికట్టేం కాదు. జూలైలో మొదటి ఐదు జట్ల మధ్య తేడా అతి స్వల్పం. స్నైడర్ వరసగా ఐదో ఏడాది నలభై హోమ్ రన్లు కొట్టాడు (మన సిక్సర్ లాంటివి). ఇరవై ఒక్కేళ్ళ డాన్ డ్రిస్‌డేల్ పదిహేడు ఆటలు గెలిపించాడు. కానీ రాబిన్సన్ అప్పటికే రిటైరయ్యాడు, రీస్‌కి 39 ఏళ్ళు, క్యాంపనెల్లా చేతులు దెబ్బలతో అలిసిపోయాయి. 84 గెలుపులు, 70 ఓటములు, మూడో స్థానం. ఛాంపియన్ మిల్వాకీ కన్నా పదకొండు ఆటలు వెనక.

సెప్టెంబర్ 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి ఆట. పిట్స్‌బర్గ్‌పై 2-0తో గెలిచారు. వచ్చినవాళ్ళు 6,702 మంది. "చూశారా, ఊరికే పట్టింపు లేదు" అని ఈ అంకె చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయ్యా, ఇది చివరి ఆట అని యాజమాన్యం చెబితే కదా జనం వచ్చేది! వీడ్కోలు సభ లేదు, మైకులో ఒక మాట లేదు. ఆర్గాన్ వాయించే గ్లాడిస్ గుడింగ్ మాత్రం తనంతట తాను వీడ్కోలు పాటలు వాయించింది. ఊరికి చెప్పాల్సిన మాట జీతానికి వాయించే ఆవిడ చెప్పింది.

అక్టోబర్ 8న, వరల్డ్ సిరీస్ జరుగుతుండగా, ఒక హోటల్ పత్రికా గదిలో క్లబ్ ప్రచార అధికారి చిన్న ప్రకటన ఇచ్చాడు. ఓమాలీ స్వయంగా రాలేదు.

అవతలి ఊరి సంగతీ చెప్పాలి, లేకపోతే అన్యాయం. లాస్ ఏంజెలిస్‌లో ఓమాలీకి ఇచ్చిన చావెజ్ రవీన్‌లో అంతకు ముందు మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు ఉండేవి. పేదలకు ఇళ్ళు కడతామని 1950ల మొదట్లో వాళ్ళని ఖాళీ చేయించారు. ఇళ్ళు కట్టలేదు. ఆ భూమిని జట్టుకి ఇవ్వడం మీద 1958లో జనం ఓటు అడిగితే, స్వల్ప తేడాతో సరే అన్నారు. 1959 మేలో, అక్కడే మిగిలిపోయిన ఒక కుటుంబాన్ని పోలీసులు మోసుకొచ్చి బయట పెట్టారు. 1962లో స్టేడియం తెరిచారు. ఒక ఊరు జట్టుని పోగొట్టుకుంటే, ఇంకో ఊళ్ళో జనం ఇళ్ళే పోగొట్టుకున్నారు. బ్రూక్లిన్ కోసం కన్నీళ్ళు పెట్టుకునే పుస్తకాల్లో ఈ రెండోవాళ్ళకు దక్కే చోటు తక్కువ.

"మా జట్టు, మా జట్టు" అన్న ఆ లక్షలమందిలో ఒక్కరి పేరూ కాగితాల మీద లేదు. విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే అనే చిన్న ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది, ప్యాకర్స్. 1923 నుంచి ఊరివాళ్ళే వాటాదారులు. అది ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. మన సర్వసభ్య సమావేశాలకు కోరం కోసం ఫోన్లు చేసేటప్పుడు "మీరే చూసుకోండి లెండి" అనే సభ్యులకు ఈ రెండు ఊళ్ళ సంగతీ చెబుదామనుకుంటున్నాను.

ఎబెట్స్ ఫీల్డ్‌ని 1960 ఫిబ్రవరిలో కూల్చారు. కూల్చే ఇనుప గుండుకి బేస్‌బాల్ రంగులు వేశారు. ఆ తెలివి ఎవరిదో గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్కడ లేచిన అపార్ట్‌మెంట్లలో చాలాకాలం "ఇక్కడ బంతాట ఆడరాదు" అని బోర్డు ఉండేదట. నేను వెళ్ళిన రోజు బోర్డు కనబడలేదు. ఇద్దరు పిల్లలు గోడకేసి బంతి కొడుతున్నారు.