కర్ర ఎప్పుడు ఎత్తాలి, కాగితం ఎప్పుడు అడగాలి

ఎవడో ఇంటి మీదికొస్తే ఊరుకోవాలా? అక్కర్లేదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ప్రాణాన్నీ ఇంటినీ కాపాడుకోవడం నేరం కాదని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34, 35 సెక్షన్లే చెబుతున్నాయి. రాత్రిపూట తలుపు బద్దలుకొట్టి చొరబడేవాడిని, మనుషులుండే గుడిసెకు నిప్పు పెట్టేవాడిని ఆపడానికి వేరే దారి లేక వాడి ప్రాణం పోయినా, 41వ సెక్షన్ మనకు అండగా ఉంటుంది.

అయితే హద్దుంది. ఆపడానికి ఎంత అవసరమో అంతే కొట్టాలి. పడిపోయినవాడిని మళ్లీ కొడితే కేసు మన మీదే. పోలీసులకు చెప్పే టైం ఉంటే ముందు చెప్పాలి.

మన ఊళ్లలో అసలు చిక్కు వేరే. పోడు భూముల్లోకి ఎక్కువగా వచ్చేది యూనిఫాం వేసుకున్నోళ్లు. సదుద్దేశంతో డ్యూటీ చేసే ఉద్యోగి మీద, ప్రాణభయమో తీవ్రగాయం భయమో ఉంటే తప్ప, ఈ హక్కు చెల్లదని 37వ సెక్షన్ అంటోంది. అక్కడ కర్ర ఎత్తారా, మన భూమి గొడవ కాస్తా మన మీద దాడి కేసు అయిపోతుంది. గెలవాల్సినోళ్లం జైల్లో ఉంటాం.

అక్కడ రాతపూర్వక ఆర్డర్ అడగండి. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 4(5) చెప్పండి: హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న అటవీవాసుల్ని ఖాళీ చేయించకూడదు. వీడియో తీయండి. గ్రామసభ పెట్టి తీర్మానం రాయండి. అక్రమంగా భూమి లాక్కుంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇవ్వండి.

ఈ సెక్షన్ల నంబర్లు ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి. చదువు రాని అమ్మానాన్నలకు మీరే చదివి చెప్పండి.