నాటినవాళ్లే లెక్కపెడితే ఎలా?

ఇంగ్లండ్‌లో కొత్తగా వెలసిన ఇళ్ల కాలనీల్లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్లాను కాగితాలు చేతపట్టుకుని తిరిగారు. అనుమతి తెచ్చుకునేటప్పుడు బిల్డరు ఇక్కడ చెట్టు, అక్కడ పొదల కంచె, ఈ గోడకు పిట్టగూడు అని రాసిచ్చాడు కదా, అవి నిజంగా ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడం వాళ్ల పని. 42 కాలనీలు, దాదాపు 6 వేల ఇళ్లు. 2024 డిసెంబరులో ఫలితం బయటికొచ్చింది.

రాసిచ్చినవాటిలో కనిపించినవి 53 శాతం. పక్షులకు, గబ్బిలాలకు పెడతామన్న పెట్టెల్లో 75 శాతం లేవు. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి పోయేందుకు కంచె అడుగున వదలాల్సిన కంతల్లో 83 శాతం లేవు. చెట్లలో 39 శాతం ఎండిపోయాయి, లేదంటే నాటనేలేదు.

ఈ కాలనీలన్నీ పాత నిబంధనల కాలంలోవి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్త చట్టం అమల్లో ఉంది. పెద్ద నిర్మాణం ఏది చేపట్టినా, ముందున్న ప్రకృతి కంటే కనీసం 10 శాతం ఎక్కువ తెచ్చిపెట్టాలి, దాన్ని 30 ఏళ్లు కాపాడాలి. పచ్చిక ఎంత, చెరువు ఎంత, అడవి ఎంత అని యూనిట్లలో లెక్కగట్టే సూత్రం కూడా ఉంది. కాగితం మీద ఇంతకంటే పకడ్బందీ చట్టం ప్రపంచంలో అరుదు. అయితే ముందుగానే ఆ పద్ధతికి మారిన ఆరు కౌన్సిళ్ల ఫైళ్లను పరిశోధకులు తిరగేసి 2021లో ఒక సంగతి బయటపెట్టారు. యూనిట్ల లెక్కలో లాభం కనిపిస్తోంది, పచ్చని ఖాళీ నేల విస్తీర్ణం మాత్రం 34 శాతం తగ్గుతోంది. మిగిలిన కొద్ది నేల మునుపటికన్నా బాగా పచ్చబడుతుందన్న భరోసా మీదే లాభమంతా నిలబడింది. ఆ భరోసా నెరవేరిందో లేదో ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. పాత కాలనీల్లో షెఫీల్డ్ వాళ్లు చేసింది అలాంటి పనే.

మన దగ్గర ఆ చూసేవాళ్లు ఎవరు?

అడవి భూమిని గనికో ప్రాజెక్టుకో ఇచ్చినప్పుడు బదులుగా వేరేచోట అడవి పెంచాలన్నది ఇక్కడ పాత నియమమే. 2006 నుంచి 2012 వరకు నడిచిన ఆ వ్యవహారాన్ని కాగ్ తనిఖీ చేసి 2013లో నివేదిక ఇచ్చింది. బదులుగా రావాల్సిన భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086. అందులో మొక్కలు పెట్టింది 7,280 హెక్టార్లలో, అంటే రావాల్సిన దాంట్లో ఏడు శాతం. ఇది నాటిన లెక్క మాత్రమే, బతికిన లెక్క వేరు. 2016లో చట్టం వచ్చింది, బదులు అడవి కోసం కట్టించుకున్న కంపా నిధి రాష్ట్రాలకు చేరింది. 2023లో గ్రీన్ క్రెడిట్ పథకం మొదలైంది. దానికింద కంపెనీ డబ్బు కడుతుంది, అటవీశాఖ మొక్కలు పెంచుతుంది, క్రెడిట్ల వ్యవహారం చూసే డెహ్రాడూన్ సంస్థ కేంద్ర పర్యావరణ శాఖ కిందిదే. పరీక్ష రాసినవాడి ఇంట్లోనే పేపరు దిద్దినట్టుంది ఈ ఏర్పాటు. పైగా మొదటి నిబంధనల్లో హెక్టారుకు కనీసం 1,100 మొక్కలన్నారు. గడ్డినేలకూ తుప్పలనేలకూ అదే కొలత! కృష్ణజింకకూ బట్టమేక పిట్టకూ కావాల్సింది చెట్ల గుంపు కాదన్న సంగతి జీవశాస్త్రం చదివిన పిల్లవాడైనా చెబుతాడు. అడిగితే కదా.

అడిగినచోట ఫలితం ఎలా ఉంటుందో గోదావరి డెల్టాలోనే చూడొచ్చు. మడ అడవులు నరికినచోట మళ్లీ మొలవకపోతే, పశువులు తిన్నాయనో జనం కొట్టుకుపోయారనో ఊళ్లమీద నెపం వేయడం చాలాకాలం నడిచింది. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తమిళనాట పిచ్చావరంలో నేలనే పరీక్షించి అసలు కారణం పట్టుకున్నారు. ఒకప్పుడు అటవీశాఖే అడవిని కూపులనే ముక్కలుగా విడగొట్టి మొత్తం నరికించింది. నీడ పోయిన బురద ఎండకు ఆరి కుంగింది, పళ్లెంలా గుంటపడింది. పోటుకు వచ్చిన ఉప్పునీరు పాటుకు తిరిగి పోలేక అక్కడే ఇంకి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. అలాంటి నేలలో లక్ష మొక్కలు పెట్టినా ఒకటే.

అందుకని ముందు కాలువలు తవ్వారు. సముద్రపు పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటాయి. రోజూ వచ్చిపోయే నీరు ఉప్పును కడిగేసింది. తర్వాతే కాలువ గట్టు వాలులో మడ మొక్కలు నాటారు, అదీ నీరు మరీ ముంచెత్తని ఎత్తులో. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఇదే పద్ధతిని అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి అమలుచేశారు. ఏ కాలువ ఎటు తవ్వాలో చెప్పడానికి పోటుపాట్లు ఎరిగిన మత్స్యకారుడి మాట శాస్త్రవేత్తకూ కావాల్సివచ్చింది.

ఇలాంటి పని చేయగల వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు ఆంధ్ర, కాకతీయ, యోగి వేమన, నన్నయ విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. కొన్నింటికి దగ్గర్లో అడవి, కొన్నింటికి సముద్రం. ఖాళీ పోస్టుల సంగతి అందరికీ తెలిసిందే, ప్రాజెక్టు నిధులు అంతంతే. అలాంటప్పుడు కంపెనీ డబ్బిచ్చి నివేదిక రాయించుకుంటే అది కంపెనీకి నచ్చినట్టే ఉంటుందన్న అనుమానం సహజం. అందువల్ల డబ్బు కంపెనీ చేతిమీదుగా రాకూడదు. కంపా నిధిలోంచి, గ్రీన్ క్రెడిట్ రుసుములోంచి కొంత భాగం ముందే పక్కనపెట్టి విశ్వవిద్యాలయాలకు నేరుగా ఇవ్వాలి. ఫలితం బాగున్నా బాగులేకున్నా ప్రచురించే హక్కు పరిశోధకులకే ఉండాలి. ఒప్పందంలో గోప్యత షరతు ఉంటే విశ్వవిద్యాలయం సంతకం పెట్టకూడదు.

తెలంగాణలో హరితహారం అన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం అన్నారు, కోట్ల మొక్కల లెక్కలు ఫ్లెక్సీల మీద చదివాం. రెండు రాష్ట్రాల అటవీశాఖలు వచ్చే వానాకాలం కొత్త గుంతలు తవ్వించేముందు, ఐదేళ్ల కిందట నాటినచోట్ల జాబితా బయటపెట్టి, దగ్గర్లోని ఎమ్మెస్సీ బోటనీ విద్యార్థులతో ఒక్కసారి లెక్కపెట్టించాలి. వచ్చిన అంకె ఎంతైనా సరే, ఆ ఊరి పంచాయతీ గోడమీద రాయించాలి.